నేల ఉసిరి, ఎండు చేపలు, నేను

గుడివాడలో ఒక ఆయుర్వేద మందుల ఫ్యాక్టరీలో నేను పాతికేళ్లకు పైగా గడ్డి నమిలాను. గేదెలు కూడా నములుతాయి గానీ వాటికి నెల జీతం, పీఎఫ్ ఉండవు. నాకుండేవి. నా గుర్తింపు కార్డు మీద మాత్రం గడ్డి ప్రస్తావన లేకుండా "క్వాలిటీ కంట్రోల్ కెమిస్టు" అని గౌరవంగా అచ్చు వేయించారు.

మొన్నామధ్య ఆ ఫ్యాక్టరీని ఎవరో పెద్దవాళ్లు కొని హైదరాబాదు పక్కకు తీసుకుపోతూ, "నువ్వు కూడా వస్తావా?" అని అడిగారు. గుడివాడ పొలిమేర దాటితే నాకు నీళ్లు పడవు, నిద్ర పట్టదు, పెసరట్టు పెసరట్టులా ఉండదు. రానన్నాను. జుట్టు పూర్తిగా తెల్లబడకుండానే రిటైరయ్యాను. అప్పటినుంచి ఫార్మసీ చదివిన పిల్లలు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసిన పిల్లలు సాయంత్రమైతే మా అరుగెక్కి, "అంకుల్, హెర్బల్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఏం చేయాలి?" అని అడుగుతున్నారు. అందరికీ చెప్పి చెప్పి నా గొంతు సగం అరిగిపోయింది. మిగిలిన సగం కాపాడుకుందామని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ఆడిట్లు, ఫైళ్లు ఇందులో ఉండవు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకే రుచి. నేను నమిలిన గడ్డి రుచి వేరు.

ఆ మొక్క సంగతి

నేల ఉసిరి మీరందరూ చూసిందే. చూశామని మీకు తెలియదు, అంతే. నాలుగు వానలు పడితే చాలు, పొలం గట్టు మీద, కాలవ ఒడ్డున, బస్టాండు గోడ పగుల్లో, మీ స్కూటరు స్టాండు కింద కూడా మొలుస్తుంది. జానెడు మొక్క. చింతాకు లాంటి సన్నటి ఆకులు. రెమ్మ అడుగున వరసగా వేలాడే ఆవగింజంత కాయలు. వానాకాలంలో దాన్ని తొక్కకుండా అవనిగడ్డ నుంచి చల్లపల్లి వెళ్లాలంటే గాల్లో తేలుతూ వెళ్లాలి.

మన ఇళ్లలో కామెర్లు వస్తే దీన్ని నూరి మజ్జిగలో ఇచ్చేవారు. ఆ మొక్కలో ఏముందని చూస్తే ఇద్దరు అన్నదమ్ములు కనిపిస్తారు. ఒకడి పేరు ఫిల్లాంథిన్, రెండోవాడి పేరు హైపోఫిల్లాంథిన్. కెమిస్ట్రీలో వీళ్లది లిగ్నాన్ల వంశం. అన్న పరమ చేదు. తమ్ముడిలో చేదు లేదు. ఇద్దరూ నీళ్లలో దిగమని భీష్మించుకుంటారు, ఆల్కహాల్ చూపిస్తే మాత్రం వెంటనే కరిగిపోతారు. ఇలాంటి అన్నదమ్ములు ప్రతి ఊళ్లోనూ ఉంటారు కాబట్టి మీకు గుర్తుపెట్టుకోవడం తేలిక. వీళ్లు కాక టానిన్లున్నాయి. అవి వగరు, నీళ్లలోకి హాయిగా వస్తాయి. అందువల్ల కషాయం కాస్తే వచ్చేది ఒకటి, ఆల్కహాల్‌తో లాగితే వచ్చేది ఇంకొకటి. సీసా మీద నేల ఉసిరి బొమ్మ వేసినంత మాత్రాన రెండూ ఒకటైపోవు.

ఇది దెబ్బతిన్న లివరును కాపాడుతుందని ప్రయోగశాలల్లో, ఎలుకల్లో కనిపించింది. మనుషుల విషయంలో ఇంకా తేలాల్సింది చాలా ఉంది. ఈ రెండు వాక్యాలూ కలిపి చెప్పేవాడు కెమిస్టు. మొదటి వాక్యం చెప్పి బ్యాగు సర్దుకునేవాడు సేల్స్‌మాన్.

కోటేశ్వరరావు కళ్లు

మా యజమాని సాంబశివరావు గారు నందివాడ వైపు రైతు. మొదట వరి వేశారు, తర్వాత చేపల చెరువులు తవ్వారు. చేపలకు మందులు కొని కొని విసుగెత్తి, మనుషులకు తనే మందులు చేసి అమ్మితే పోలా అనుకున్నారు. మంచి మనిషి. కోపం మాత్రం పాలపొంగు. గ్యాసు కట్టేసేలోపే పొయ్యంతా అయిపోయేది.

మా జీపు డ్రైవరు కోటేశ్వరరావు ఒకరోజు పనికొస్తే కళ్లు చూసి అందరం అదిరిపోయాం. పసుపు కొమ్ములు రెండు కంట్లో గుచ్చుకుని వచ్చాడా అన్నట్టుంది. సాంబశివరావు గారి మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఫొటో తీయండ్రా! వీడికి మన లివరు మాత్రలు వేసి, తగ్గాక ఇంకో ఫొటో తీద్దాం. ముందు, తర్వాత! బోర్డు మీద వేయిద్దాం."

కోటేశ్వరరావు అప్పటికే జేబులోంచి దువ్వెన తీశాడు.

"ఆగండి సార్," అన్నాను నేను. "ఒరే కోటేశ్వరరావూ, కడుపులో నొప్పుందా?"

"కుడి పక్కన కత్తెట్టి తిప్పినట్టుంది సార్. ఒళ్లంతా దురద."

ఫొటో మానిపించి బందరు తీసుకెళ్లాను. స్కానింగులో తేలిందేమిటంటే, పైత్యరసం దిగే గొట్టంలో రాయి అడ్డం పడింది. రాయి అడ్డం పడితే ఆకు ఏం చేస్తుంది? మేం బోర్డు కోసం ఎదురుచూస్తూ మాత్రలు వేస్తూ కూర్చుంటే 'తర్వాత' ఫొటోకి దండ వేయాల్సి వచ్చేది. రాయి తీశారు, కోలుకున్నాడు. సాంబశివరావు గారు హాస్పిటల్లో వాడి మంచం పక్కన చాలాసేపు కూర్చున్నారు. ఆ తర్వాత మా మాత్రల పెట్టె మీద ఒక కొత్త వాక్యం వేయించారు: "కళ్లు పచ్చబడితే ముందు డాక్టరుకు చూపించుకోండి." మందు అమ్మేవాడు తన పెట్టె మీద ఈ మాట వేయించుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. అలాంటి యజమాని దగ్గర పనిచేశానని ఇప్పటికీ కాలరెగరేస్తాను. ఆయన్ను నెత్తిన పెట్టుకుంటున్నానని తొందరపడకండి, కాసేపట్లో దించుతాను.

లారీ వచ్చింది

నాంచారమ్మది నాగాయలంక దాటాక సముద్రం వైపు ఒక పల్లె. మగవాళ్లు వేటకు వెళ్తారు. ఆడవాళ్లు చేపలు అమ్ముతారు, మిగిలినవి ఎండబెట్టి షావుకారుకు వేస్తారు. వానాకాలంలో వేట సరిగ్గా సాగదు. ఆ నెలల్లో పొలం గట్ల మీద నేల ఉసిరి పీకి అమ్ముకుందామని ఆవిడ పల్లెలో ఆడవాళ్లందరినీ కూడగట్టింది. చూరుకు వేలాడదీసి ఆరబెట్టిన ఒక కట్టను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, బస్సులు మారుతూ గుడివాడ వచ్చింది.

ఆ కట్టను పరీక్షిస్తే నాకు మతిపోయింది. అంత ఫిల్లాంథిన్ ఉన్న సరుకు మా గేటులోకి అంతకుముందు రాలేదు. సాంబశివరావు గారు అక్కడికక్కడే లారీ లోడుకి మాటిచ్చారు.

కొన్ని వారాలకు లారీ వచ్చింది. అది పామర్రు దాటకముందే వాసన గుడివాడ చేరింది. ఎండు రొయ్యలు, ఎండు మెత్తళ్లు, సొరచేప, అన్నీ కలిసిన వాసన. గేటు దగ్గర వాచ్‌మాన్ తాళం తీస్తూ లొట్టలేశాడు. చేపలు ఎండబెట్టే బరకాల మీదే ఈ ఆకునీ ఎండబెట్టారన్నమాట. వాసన నేరం కాదు, నాలుగు రోజులు గాలికి పెడితే పోతుంది. అసలు సమస్య లోపలుంది.

సారం తీసి గాజు పలక మీద చుక్క పెట్టి చూశాను. ఒక్కో మొక్క చుక్కలు పలక మీద ఒక్కో ఎత్తుకు ఎక్కి ఆగుతాయి. అది దాని వేలిముద్ర. నేల ఉసిరి మచ్చ ఉండాల్సిన చోటే ఉంది, కాకపోతే పదేళ్లు ఉతికిన చీర అంచులా వెలిసిపోయి ఉంది. పెద్ద యంత్రంలో పెట్టి కొలిస్తే, ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు.

సాంబశివరావు గారి పాలు పొంగాయి.

"చూశావా! శాంపిలు బంగారం, లారీ ఇత్తడి! వేరే గడ్డి కలిపారు."

"గడ్డి అదేనండీ. మచ్చ చోటు తప్పలేదు."

"అయితే సారం పిండుకుని పిప్పి మనకు తోలారు."

"సారం పిండాలంటే డ్రమ్ముల కొద్దీ ఆల్కహాల్, మనకున్నంత మెషినరీ కావాలండీ. అవన్నీ నాంచారమ్మ దగ్గరుంటే ఈపాటికి మన ఫ్యాక్టరీ కొనేసేది. మీరూ నేనూ ఆవిడ దగ్గర హాజరు వేయించుకుంటూ ఉండేవాళ్లం."

ఆయన నవ్వలేదు. ఫోను తీసి నా ముందే ఆవిడకు చేశారు. "మోసం చేస్తారా? సోమవారం మీ లారీ వెనక్కొస్తుంది. జిల్లాలో ఏ మందుల కంపెనీ వాడూ మీ పల్లె సరుకు ముట్టుకోకుండా చెప్తాను!"

అవతల ఫోను స్పీకర్లో ఉన్నట్టుంది. ఆడవాళ్ల గోల ఒక్కసారిగా ఆగిపోయింది. అందరూ విన్నారు. కాసేపటికి నాంచారమ్మ గొంతు వచ్చింది.

"అయ్యగారూ, మా చేప మీద ఈగ వాలిందని వంక పెట్టినోళ్లున్నారు గానీ, మోసమన్నోడు ఇంతవరకూ లేడు. సరుకు తిప్పి పంపితే పంపండి. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోండి."

ఆయన ఫోను పెట్టేశారు. ఒక పల్లె ఆడవాళ్లు వానాకాలమంతా చేసిన పని, వాళ్ల పేరు, రెండూ మా యార్డులో ఆ లారీ మీదే ఉన్నాయి. అది మోసమా కాదా తేల్చడానికి నాకు ఆదివారం ఒక్కటే మిగిలింది.

మందు ఎక్కడికి పోయింది

ఆదివారం కోటేశ్వరరావు జీపు తీశాడు. ఆ పల్లెకు వెళ్లే చివరి రోడ్డు మీద ప్రయాణం చేశాక నా ఎముకలు ఒక్కొక్కటీ కొత్త చోట సర్దుకున్నాయి. నాంచారమ్మ మమ్మల్ని చూసి కూర్చోమనలేదు.

"రండి రండి కెమిస్టు గారూ. పిప్పి ఎక్కడ దాచామో వెతకడానికొచ్చారా? చూర్లో చూడండి, కుండల్లో చూడండి. కోళ్ల గూట్లో కూడా చూడండి, పాపం, గుడ్ల కింద పెట్టామేమో."

"వెతకడానికి రాలేదండీ. మీరు ఎలా ఎండబెడతారో ఒక్కసారి చూపించండి, చాలు."

"అందులో చూపించడానికేముంది? చేపని ఎండబెట్టినట్టే." చేయి చాపి చూపించింది. ఇసుక దిబ్బ మీద బరకాలు, వాటి మీద రెండో విడత నేల ఉసిరి, నడినెత్తిన సూర్యుడు. "ఎండలో పరుస్తాం. గలగలలాడేదాకా తిరగేస్తాం. తర్వాత దులుపుతాం."

"దులపడమెందుకు?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఇసుక పోవద్దూ? చేపలో ఇసుక తగిలిందంటే షావుకారు రేటు కోసేస్తాడు. చేపనైతే ఒకసారి దులుపుతాం. ఇది మందు, మనుషులు మింగేదని దీన్ని మూడుసార్లు దులిపి, చేటతో చెరిగి మరీ కట్టాం. మా అంత శుభ్రంగా ఎవరు చేస్తారో చెప్పండి."

అంటూనే ఒక కట్ట తీసుకుని దుంగకేసి ఫట్ ఫట్ మని బాదింది. పచ్చటి మేఘం లేచింది. అదే సమయానికి సముద్రం వైపు నుంచి గాలి కొట్టింది. ఆ మేఘం ఇంకెవరి జోలికీ పోకుండా సరాసరి నా నోట్లోకి వచ్చింది.

చేదు! వేపాకు దాని ముందు జున్ను. నా నాలుక వెనక్కి పాకి కొండనాలుక చాటున దాక్కుంది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. ఇసుకలో నేను వేసిన గంతులు చూసి పల్లెలో కుక్కలు లేచి నిలబడ్డాయి. కోటేశ్వరరావు నీళ్ల సీసాతో పరిగెత్తుకొచ్చాడు. నేను తాగలేదు. ముందు ఆవిడ చేతిలో ఉన్న కట్టలోంచి ఒక కాడ తీసి నమిలాను. ఎండుగడ్డిలా చప్పగా ఉంది.

పుస్తకాల్లో వందసార్లు చదివిన వాక్యం అప్పుడు నాలుక మీద అర్థమైంది. ఈ మొక్కలో ఫిల్లాంథిన్ కాపురం ప్రధానంగా ఆకులో. కాడలో ఉండేది అంతంతమాత్రం. మండుటెండలో పెళుసెక్కిన ఆకు రెమ్మను వదిలేస్తుంది, దులిపితే పొడై రాలిపోతుంది. ఆవిడ తెచ్చిన శాంపిలు కట్ట నీడలో చూరుకు వేలాడింది, దాన్ని ఎవరూ దులపలేదు. అందుకే అది బంగారం.

"నాంచారమ్మ గారూ, ఈ దుమ్ము ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం? ఊడ్చి ఆ కొబ్బరి మొదట్లో పోస్తాం."

"మందంతా అందులోనే ఉందండీ. మాకు కాడలు పంపి, మందు కొబ్బరిచెట్టుకు వేశారు."

"అయితే ఈ చెట్టుకి జన్మలో కామెర్లు రావు సార్," అన్నాడు కోటేశ్వరరావు.

నాంచారమ్మ నవ్వలేదు. దుంగ మీద కూలబడింది. "అంటే, ఎంత శ్రద్ధగా చేస్తే అంత పాడు చేసుకున్నామా?" చేట పక్కకు నెట్టి, తలెత్తి అడిగింది. "ఇదంతా ఆ అయ్యగారికి చెప్తారా?"

"నోటితో చెప్తే నమ్మరు. కొలిచి చూపిస్తాను."

బరకం మీద రాలిన పచ్చ పొడిని జల్లించి, ఇసుక తీసి, సీసాలో పట్టుకుని వచ్చాను. దార్లో జీపు ఎగిరిన ప్రతిసారీ నేను ఎగిరాను గానీ, సీసాను ఎగరనివ్వలేదు.

మోసమూ కాదు, మందూ కాదు

సోమవారం పొద్దున్నే ఆ పొడిని యంత్రంలో పెట్టాను. వచ్చిన పెద్ద అంకె చూసి సాంబశివరావు గారు, "మిషను చెడిందేమో?" అన్నారు. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. పల్లెలో చూసిందంతా చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం గోక్కుని, ఉన్నట్టుండి కరిగిపోయారు.

"పాపం, తెలియక చేశారోయ్. సరే, ఆ లారీ పాస్ చేసెయ్. ఎలాగూ ఇవ్వాల్సిన ఆర్డరు నెత్తి మీదుంది."

పిల్లలూ, ఇక్కడ ఆగి వినండి. శనివారం కోపంతో ఆ సరుకును దొంగసరుకు అన్న మనిషి, సోమవారం జాలితో దాన్ని మంచిసరుకు అంటున్నాడు. మధ్యలో ఆ కాడల్లో మారిందేమీ లేదు. ల్యాబులో కోపంతో కొలవకూడదు, జాలితోనూ కొలవకూడదు. మా ఉద్యోగం నిజంగా కష్టమయ్యేది ఈ రెండోదాని దగ్గరే. కోపిష్టి యజమానికి ఎదురు చెప్తే వీరుడంటారు. జాలిపడే యజమానికి ఎదురు చెప్తే రాక్షసుడంటారు.

"ఇది మోసం కాదండీ. మందూ కాదు," అన్నాను. "లివరు బాగోలేనివాడు మన పెట్టె చూసి కొనుక్కుంటాడు. వాడికి ఎండు కాడలు ఎలా ఇస్తాం?"

ఆయన నన్ను చూసిన చూపుకి మామూలు మనిషైతే ఆవిరైపోయేవాడు. నేను చేదు తిని బతికినవాణ్ని కాబట్టి నిలబడ్డాను. చివరకు చేత్తో 'కానీ' అన్నట్టు సైగ చేశారు. ఆ లారీకి రిజెక్ట్ ముద్ర నేనే వేశాను. కారణం దగ్గర "ఎండలో ఆరబెట్టి దులపడం వల్ల ఆకు రాలిపోయింది. మొక్క అసలైనదే. కల్తీ లేదు" అని పెద్ద అక్షరాలతో రాశాను. నాంచారమ్మకు ఫోను కూడా నేనే చేశాను. ఆ కబురు ఇంకొకరి నోట వినాల్సింది కాదు.

"చేప చెడితే ఎవరు పట్టినా చెడిందే. తిప్పి పంపండి," అంది ఆవిడ. ఆగి, "ఆ మాటో?" అంది.

"ఆయనే వెనక్కి తీసుకోవాలి కదండీ."

"తీసుకుంటారు. మంచి సరుకుతో నేనే వస్తాను."

ఆ వారంలోనే నేను మళ్లీ పల్లెకు వెళ్లాను. వలలు దాచే పాకలో నీడన, పాత చీరలు పరిచి, వాటి మీద పలచగా ఆరబెట్టించాను. ఇసుక లేని చోట ఆరితే దులిపే పని ఉండదు. రాలిన ఆకు చీరలోనే ఉంటుంది. నాలుగు కొంగులూ ముడేసి, చీరతో సహా గోతంలో వేయడమే. ఇప్పుడు తోట్లవల్లూరు దాకా చాలామంది ఇలాగే చేస్తున్నారు. ఈ పద్ధతి కనిపెట్టింది నేనేనని నేను ఎక్కడా చెప్పుకోను. ఈ ఒక్క చోట, మా వీధిలో, బంధువుల పెళ్లిళ్లలో తప్ప.

రెండో లారీ

నా ఉద్యోగం మొత్తంలో ఒక్క మధ్యాహ్నం దాచుకోమంటే ఇదే దాచుకుంటాను.

రెండో లారీ మీద గోతాలతో పాటు నాంచారమ్మ, ఆవిడ వెంట పల్లె ఆడవాళ్లు చాలామంది వచ్చారు. వాళ్లు లారీ మీదే కూర్చున్నారు. ఆవిడ మాత్రం ల్యాబు గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికొచ్చి, యంత్రం ముందు నిలబడింది. సాంబశివరావు గారు కూడా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని గోడ దగ్గర నిలబడ్డారు. తెర మీద గీత చాలాసేపు నేలబారుగా పాకింది. ఉన్నట్టుండి గీత లేచింది. లేస్తూనే ఉంది.

"అదేంటండీ, గోపురంలా లేచింది?" అంది నాంచారమ్మ.

"మీ ఆకండీ. పాసైంది. శాంపిలు కన్నా బాగుంది."

ఆవిడ నావైపు చూడనే లేదు. గోడ వైపు తిరిగింది.

"కెమిస్టు గారు మా ఆకు నోటి నిండా తిన్న మనిషి, ఆయన చెప్తే చెల్లదు. మీరు చెప్పండి అయ్యగారూ."

సాంబశివరావు గారు తెర వైపు చూశారు, నేల వైపు చూశారు. తర్వాత, నిజం చెప్పాలి, చిన్నగానే అయినా తడబడకుండా అన్నారు. "నాంచారమ్మ గారూ, మీరు మోసం చేయలేదు. నేను అనకూడని మాట అన్నాను."

నాంచారమ్మ తలాడించింది. వెళ్లి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. ఎదురుగా లారీ, దాని మీద ఆడవాళ్లు.

"ఆ రోజు ఫోనులో మీరన్న మాట వాళ్లందరూ విన్నారు అయ్యగారూ," అంది, పక్కకు తప్పుకుని ఆయనకు చోటిస్తూ. "ఇది నేనొక్కదాన్నే వింటే ఏం బాగుంటుంది?"

ఆయన గొంతు సవరించుకుని కిటికీ దగ్గరకు నడిచారు.